పేరు శీలావతి, పని గంజాయి

‘ఇది గంజాయి కాదు, సాటివా’ అంటూ పిల్లల చేతికి చేరుతోంది. పేరు మారితే మొక్క గుణం మారుతుందా? మన్యం కొండల నుంచి బాలాపూర్ డాబా దాకా, బ్యాంకాక్ నుంచి శంషాబాద్ దాకా ఆ మొక్క వాసన, మత్తు, పుట్టుపూర్వోత్తరాలు ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

బాలాపూర్ అనగానే తెలుగువాళ్లకు లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలు పలికిన ఆ 21 కిలోల లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ఆ మూడు దశాబ్దాల్లోనే ఊరు నగరంలో కలిసిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో మూడంతస్తుల ఇళ్లు లేచాయి. దక్షిణం వైపు ఔటర్ రింగు రోడ్డు, నైరుతి వైపు శంషాబాద్ విమానాశ్రయం. రాత్రిపూట డాబా ఎక్కితే దిగుతున్న విమానాల దీపాలు కనిపిస్తాయి.

అలాంటి డాబా మీదే ఆ అబ్బాయితో కూర్చున్నాను. ఇంజినీరింగు మూడో ఏడు. అంతకుముందు రోజు వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి, కొంగు చాటున తెచ్చిన న్యూస్‌పేపర్ పొట్లం నా ముందు పెట్టింది. ‘‘అన్నా, పోరని బ్యాగుల దొరికింది. అడిగితె ఒర్లుతుండు. వాళ్ల డాడీకి తెలిస్తె ఇల్లు పీకి పందిరేస్తడు. నువ్వు జర మాట్లాడన్నా’’ అంది.

అబ్బాయి మాత్రం నింపాదిగా ఉన్నాడు. ‘‘మమ్మీ ఊకెనే ఆగమైతుంది అంకుల్. గది గంజాయి గాదు, సాటివా. శీలావతి మాల్. సదివేటప్పుడు దిమాక్ మంచిగ పనిజేస్తది. నాచురల్ గద, చెట్టే గద!’’

ఒక్క గుక్కలో నాలుగు మాటలు చెప్పాడు. శీలావతి, సాటివా, దిమాక్, చెట్టు. ఇరవై ఏళ్ల పిల్లాడు ఈ నాలుగింటినీ నమ్మి ఆ పొట్లం జేబులో వేసుకున్నాడు. అరిచి, కొట్టి ఆ నమ్మకాన్ని పోగొట్టలేం. నాలుగు మాటల్నీ ఒక్కొక్కటిగా తూకం వేసి చూడాల్సిందే.

మొదటి మాట: శీలావతి

కోస్తా చేపల బజారులో శీలావతి అంటే రోహు చేప. పురాణంలో శీలావతి మహా పతివ్రత. ఇంత గౌరవమున్న పేరును ఇప్పుడు తూర్పు కనుమల గంజాయి మోస్తోంది. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘ఘాటి’ సినిమా ఈ కొండల్లో గంజాయి మూటలు మోసేవాళ్ల కథే. అందులో అనుష్క పాత్రకు పెట్టిన పేరు శీలావతి.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాలు, సరిహద్దుకు అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు దీని నెలవు. వానలతో పాటు విత్తు పడుతుంది. చలికాలంలో కోత. తొవ్వ లేని లోయల్లో, వాగు పక్కన మొక్క మనిషిని మించి ఎదుగుతుంది. పెట్టుబడి బయటి వ్యాపారిది, భూమి, చెమట గిరిజనుడివి. సరుకు నర్సీపట్నం దాటి, రాజమహేంద్రవరం దాటి నగరం చేరేలోగా ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొండ మీది ఇంటికి దక్కేది బహు స్వల్పం. పట్టుబడే వంతు మాత్రం మొదట వాళ్లదే. విశాఖ కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల ఖైదీలే ఎక్కువ. వాళ్లలో మూటకు కూలి తీసుకుని కొండ దిగిన కుర్రాళ్లు ఎందరో.

2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలుపెట్టి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. తర్వాత సాగు చాలావరకు ఒడిశా వైపు జరిగింది. 2024లో ఈ పని కోసమే ‘ఈగల్’ అనే విభాగం ఏర్పడింది, డ్రోన్లతో కొండలు గాలిస్తోంది. మొక్క నరికిన చోట మరో మొక్క నాటితేనే ఈ పని నిలుస్తుంది. కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు ఆ నేలలో బంగారంలా పండుతాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. శీలావతి పేరుకు బదులు ఆ కాఫీ పేరుతో మన్యం లోకానికి తెలిస్తే ఎంత బాగుండు!

తెలుగు నేలకు ఈ పంట కొత్త కాదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం భారత గంజాయి మత్తుపదార్థాల కమిషన్‌ను వేసింది. కమిషన్ 1,193 మంది సాక్షుల మాట సేకరించింది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి పండే ముఖ్య ప్రాంతాల్లో ఒకటిగా అది నమోదు చేసింది కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు పరిసరాలను. తర్వాత లైసెన్సు, పన్ను, గిడ్డంగి అన్నీ వచ్చిన పంట అది. మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదని, అతిగా వాడితే దేహానికీ మనసుకూ చేటని కమిషన్ 1894లో తేల్చింది. గంజాయిని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ తీర్పులో మొదటి సగాన్నే పట్టుకుంటారు. 1894 నాటి చిలుములో ఉన్న గంజాయికీ ఇప్పటి సరుకుకూ బలంలో ఎంత తేడా ఉందో చెప్పరు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

రెండో మాట: సాటివా

ఆ అబ్బాయి నోట ‘సాటివా’ అన్న మాట ఏదో విదేశీ మేలురకం బియ్యం పేరులా పలికింది. నిజానికి బియ్యానికీ ఆ పేరుంది. వరి శాస్త్రీయ నామం ‘ఒరైజా సాటివా’. వెల్లుల్లి ‘అల్లియం సాటివమ్’. కొత్తిమీర ‘కొరియాండ్రమ్ సాటివమ్’. లాటిన్‌లో సాటివా అంటే ‘సాగుచేసినది’ అని మాత్రమే. ఆ మాటలో ఏ మేలూ లేదు, ఏ మత్తూ లేదు.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ మొక్కకు ‘కన్నాబిస్ సాటివా’ అని పేరు పెట్టాడు. ఆయన చూసింది యూరప్‌లో నార కోసం పండించే జనుము లాంటి మొక్క. 1785లో ఫ్రాన్సుకు చెందిన లమార్క్, భారతదేశం నుంచి వచ్చిన నమూనాలు చూసి ఇది వేరే జాతి అనుకుని ‘కన్నాబిస్ ఇండికా’ అన్నాడు. అంటే ఇండికా అన్న పేరు మన మొక్కను చూసి పుట్టింది.

తర్వాత రెండు వందల ఏళ్లకు అమెరికా, నెదర్లాండ్స్ పెంపకందారులు ఆ పేర్లను తలకిందులు చేశారు. ఉష్ణదేశాల్లో పొడుగ్గా పెరిగే, ఆకు రెబ్బలు సన్నగా ఉండే మొక్కలన్నీ వాళ్ల లెక్కలో సాటివా. అఫ్గానిస్థాన్, హిందూకుష్ వైపు పొట్టిగా గుబురుగా పెరిగే, రెబ్బలు వెడల్పుగా ఉండే మొక్కలు ఇండికా. రెండింటినీ కలిపి పుట్టించిన సంకరాల్లో పొడుగు జాతి పాలు ఎక్కువుంటే దాన్ని ‘సాటివా ప్రధానం’ అంటారు. 1970లలో కాలిఫోర్నియాలో రూపుదిద్దుకుని ప్రపంచమంతా పాకిన ‘హేజ్’ అలాంటిదే. దానికి మెక్సికో, కొలంబియా, థాయ్‌లాండ్ గింజలతో పాటు దక్షిణ భారత గింజలూ మూలమని పెంపకందారులు చెప్పుకుంటారు. అలా చూస్తే మన్యం కొండల మొక్క లమార్క్ లెక్కలో ఇండికా, బజారు లెక్కలో సాటివా.

సాటివా హుషారునిస్తుంది, ఇండికా మగతనిస్తుంది అన్నది బజారు సూత్రం. 2021లో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన వందకు పైగా నమూనాల జన్యువులను, రసాయనాలను పోల్చి చూసింది. సాటివా, ఇండికా అన్న చీటీలకూ మొక్కల వంశానికీ పెద్దగా పొంతన కుదరలేదు. చీటీకి కాస్తో కూస్తో సరిపోయినవి కొన్ని వాసన ద్రవ్యాలే. అంటే ఆ పేర్లు మహా అయితే వాసనను చెబుతాయి, వంశాన్ని చెప్పవు. లైసెన్సున్న దేశాల్లోనే పరిస్థితి ఇలా ఉంటే, చౌరస్తా వెనక సందులో చేతులు మారే పొట్లం మీది పేరుకు విలువెంత?

వాసనలో ఏముంది?

రుచి, వాసన అన్నీ ఆడ మొక్క పూగుత్తుల్లోనే. గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు. పుప్పొడి తగలని ఆడ పూత గింజ కట్టకుండా జిగురును పెంచుకుంటూ పోతుంది. ఆ పూతను భూతద్దంలో చూస్తే గుండుసూదుల్ని వరుసగా గుచ్చినట్టు సన్నటి నూగు కనిపిస్తుంది. సూది తల స్థానంలో గాజుపూసలాంటి బిందువు ఉంటుంది. మత్తు, వాసన రెండూ ఆ బిందువులోనే తయారవుతాయి.

ఆ వాసనలో మన వంటింటికి తెలియనిది తక్కువ. మామిడిపండులో ఉండే మిర్సీన్, నిమ్మ తొక్కలోని లిమోనీన్, మిరియాలు, లవంగాల ఘాటులో పాలున్న కారియోఫిలీన్, దేవదారు జాతి చెట్ల పైనీన్ అన్నీ దీనిలో ఉంటాయి. సాటివా చీటీ తగిలించుకున్న విదేశీ రకాల్లో కొన్నింటికి టెర్పినోలీన్ వల్ల పూలు, నిమ్మ, చెక్కపొట్టు కలిసినట్టుండే తేలిక పరిమళం వస్తుంది. వీటన్నిటి అడుగున ముక్కు పుటాలు అదిరించే కంపు మాత్రం అతి కొద్దిపాటి గంధక సమ్మేళనాలది.

ఇవన్నీ ఇట్టే ఆవిరైపోయే ద్రవ్యాలు. కొండ మీద కోసి, ఎండబెట్టి, ఇటుకల్లా అదిమి, టేపు చుట్టి, వారాల తరబడి లారీ అడుగున తిరిగిన సరుకులో మామిడీ ఉండదు, నిమ్మా ఉండదు. వాళ్లమ్మ తెచ్చిన పొట్లం నేను విప్పి చూశాను. మట్టిరంగు తుక్కు, పుల్లలు, నాలుగైదు గింజలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసి ఆరిన గడ్డివాములో చెయ్యి పెట్టినప్పటి వాసన, దాని వెనకే బూజు. తేమలో మగ్గిన గంజాయికి ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు పడుతుందని, పొగతో పాటు దాని బీజాలు ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చని వైద్యులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. సాటివా అని వాడు మురిసిపోయిన సరుకు అది.

మూడో మాట: దిమాక్

1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషూలం, ఆయన సహచరుడు గావోని గంజాయి మత్తుకు మూలమైన టీహెచ్‌సీని వేరుచేశారు. 1988లో మెదడులో దాన్ని అందుకునే గ్రాహకాలు బయటపడ్డాయి. అలాంటప్పుడు మెదడు తనంతట తాను కూడా ఇలాంటి పదార్థాన్ని తయారు చేసుకుంటూ ఉండాలి కదా? 1992లో మెషూలం బృందానికి అదీ దొరికింది. దానికి సంస్కృతం నుంచి మాట తీసుకుని ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. ఆకలి, నిద్ర, నొప్పి, జ్ఞాపకం, భయం వీటన్నిటినీ మెదడు ఈ ఆనందమైడ్ లాంటి పదార్థాలతో రవ్వంత రవ్వంతగా సరిచూసుకుంటుంది. పొలానికి బోదె కాలువ ద్వారా తడి పెట్టినట్టు. టీహెచ్‌సీ వచ్చిందంటే చెరువు కట్ట తెగినట్టే.

పొగ పీల్చిన నిమిషాల్లో గుండె వేగం పెరుగుతుంది. కళ్లు ఎరుపెక్కుతాయి, నోరు ఎండుతుంది, ఆకలి పుడుతుంది. కాలం సాగినట్టనిపిస్తుంది. మాటలు ఊరుతాయి, ఊహలు పరుగెడతాయి. ‘దిమాక్ మంచిగ పనిజేస్తది’ అని ఆ అబ్బాయి అన్నది ఈ ఘడియ గురించే. అది వాడి అబద్ధం కాదు, వాడి మెదడు వాడికి చెప్పిన అబద్ధం. కొత్త సంగతిని జ్ఞాపకంగా మలిచే హిప్పోకాంపస్‌లో ఈ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. మత్తులో సరిగ్గా దెబ్బతినేది ఆ పనే. ఆ రాత్రి చదివింది అద్భుతంగా అర్థమైనట్టుంటుంది, పరీక్ష హాల్లో పేజీ తెల్లగా కనిపిస్తుంది. తిన్న గంజాయి ఇంకా మోసకారి. అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. ఎక్కలేదని మరో ముక్క తిన్నవాణ్ని గంటల తరబడి వదలదు.

హుషారు రకమని పేరున్న సరుకే చాలామందికి గుండెదడ, భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం తెస్తుంది. 2019లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చిన పరిశోధన యూరప్, బ్రెజిల్ నగరాల్లో మతిభ్రమణ రోగులను పరిశీలించింది. ఎన్నడూ వాడనివాళ్లతో పోలిస్తే రోజూ గంజాయి వాడేవాళ్లలో ఆ జబ్బు అవకాశం సుమారు 3 రెట్లు. టీహెచ్‌సీ 10 శాతం దాటిన సరుకును రోజూ వాడేవాళ్లలో దాదాపు 5 రెట్లు. పాతికేళ్ల దాకా ఎదిగే మెదడుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి, వేణ్నీళ్ల స్నానం చేస్తే తప్ప ఉపశమనం ఉండదు. మానేస్తే నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందగిస్తుంది. ‘గంజాయికి అలవాటు పడరు’ అన్న మాట తప్పు. మన దేశంలోనే గంజాయి, భంగు వాడకం వల్ల సాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షల మంది ఉన్నారని 2019లో ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది.

నాలుగో మాట: చెట్టే గద!

చెట్టే. ఉమ్మెత్తా చెట్టే, గన్నేరూ చెట్టే. చెట్టులో మందు ఉంటే వైద్యుడు కొలిచి ఇస్తాడు. టీహెచ్‌సీతో చేసిన మందు క్యాన్సర్ చికిత్సలో వాంతులకు, గంజాయిలోనే ఉండే, మత్తు లేని సీబీడీతో చేసిన మందు పిల్లల్లో కొన్ని మొండి మూర్ఛలకు విదేశాల్లో ఆమోదం పొందాయి. ఆ సీసా మీద మోతాదు రాసి ఉంటుంది. న్యూస్‌పేపర్ పొట్లం మీద ఏ అంకె రాసుంది?

పైగా ఇప్పుడు శంషాబాద్‌లో దిగుతున్న సరుకును చెట్టు అనడం కూడా కష్టమే. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో, దీపాల వెలుగులో, ఆడ మొక్కల కొమ్మలకే వేళ్లు పట్టించి పెంచే హైడ్రోపోనిక్ గంజాయి అది. టీహెచ్‌సీ 20 శాతం దాటేలా పెంచుతారు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయి మీద ఆంక్షలు ఎత్తేశాక అక్కడ దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉండాలని బిగించారు. ఈ లోపల బ్యాంకాక్ నుంచి నేరుగానో, వేరే దేశాల మీదుగానో వచ్చిన ప్రయాణికుల సంచుల్లో చాక్లెట్లు, తినుబండారాల పొట్లాల మధ్య కిలోల కొద్దీ సరుకు మన విమానాశ్రయంలో పట్టుబడుతూ వచ్చింది. కిలో విలువను అధికారులు కోటి రూపాయల దాకా లెక్కగట్టారు. ఉచితంగా విహారయాత్ర, తిరిగొచ్చేటప్పుడు ఒక సంచి తెస్తే చాలు అన్న ఆశకు లోబడి జైలుపాలైనవాళ్లలో చదువుకున్న ఆడపిల్లలూ ఉన్నారు.

1894 కమిషన్ తీర్పును ఇప్పటి సరుకుకు అతికించకూడదన్నది ఇందుకే. కల్లుకుండను చూసి ఇచ్చిన తీర్పు కాచిన సారాకు పనికిరాదు.

కాటా మీద చట్టం

1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న మత్తుపదార్థాల చట్టానికి శీలావతి తెలియదు, సాటివా తెలియదు. పూగుత్తి ఉంటే గంజాయి, జిగురు తీస్తే చరస్. విదేశీ హైడ్రోపోనిక్‌కు ప్రత్యేక లెక్క లేదు.

గంజాయి 1 కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం. ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

1 కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్ష నుంచి 2 లక్షల వరకు జరిమానా. బెయిలు దొరకడమే గగనం.

తాగినట్టు రుజువైనా ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. టీహెచ్‌సీ కొవ్వులో నిలవుంటుంది కాబట్టి రోజూ వాడేవాళ్ల మూత్రంలో వారాల తర్వాత కూడా జాడ తేలుతుంది.

అదే చట్టంలో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సెక్షన్ ఒకటి ఉంది, 64ఎ. వాడకానికో చిన్న పరిమాణానికో సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న బాధితుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వస్తే, ఆ చికిత్స పూర్తి చేస్తే, విచారణ నుంచి రక్షణ ఉంటుంది. తలుపు ఒకటి తెరిచే ఉంది. పరువు పోతుందని ఆ తలుపు దాకా పిల్లల్ని తీసుకెళ్లనిది మనమే.

మళ్లీ డాబా మీద

ఈ సంగతులన్నీ నేను ఒక్క రాత్రిలో చెప్పలేదు. నాలుగైదు సాయంత్రాలు పట్టింది. వరి పేరులో సాటివా ఉందన్నప్పుడు నవ్వాడు. జ్ఞాపకం సంగతి చెప్పినప్పుడు నవ్వలేదు. ‘‘పోయిన సెమిస్టర్ల రెండు సబ్జెక్టులు పోయినయ్ అంకుల్. రాత్రంత సదివిన, పొద్దుగాల ఏం యాదికి లేకుండె’’ అన్నాడు తల వంచుకుని. కాసేపు ఊరుకుని మెల్లగా అడిగాడు. ‘‘మరి గా పొట్లంల నిజంగ ఏముండె?’’

‘‘నీకు తెల్వదు, నీకు అమ్మినోనికి తెల్వదు బిడ్డా. గదే అసలు సంగతి’’ అన్నాను.

తులసివనంలో గంజాయి మొక్క అని మన సామెత. చెడిన పిల్లాణ్ని వేలెత్తి చూపించడానికి వాడుతూ వచ్చాం. ఆ అబ్బాయిని దగ్గర నుంచి చూశాక ఆ సామెత నా నోటికి రావడం లేదు. వాడు ఆ వనంలో తులసే. ఎవరో మంచి పేరు పెట్టి చేతిలో పెట్టిన దాన్ని మంచిదని నమ్మాడు. వాడికి ఆ పేర్ల వెనకున్నది చెప్పే మనిషి వాడి చుట్టూ లేకపోయాడు. వాళ్లమ్మకు భయం తెలుసు, సంగతి తెలియదు. అమ్మేవాడికి సంగతి అక్కర్లేదు, పేరుంటే చాలు. ఈ మధ్యలో ఉన్న ఖాళీని తిట్లతో నింపాలని చూసినంత కాలం ఆ ఖాళీ అమ్మేవాడిదే.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే తల్లీకొడుకులు బస్సెక్కి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బయలుదేరారు. మధ్యాహ్నం ఫోన్ చేసింది ఆవిడ. ‘‘లైన్ల నిలబడ్డం అన్నా. మా అసొంటోల్లు శానమంది ఉన్నరు. గిన్ని రోజులు మేమొక్కల్లమే అనుకున్న’’ అంది. వెనక నుంచి అబ్బాయి గొంతు వినిపించింది. ‘‘మమ్మీ, మన నంబర్ పిలుస్తుండ్రు, రా.’’

*సాయం కోసం: మత్తు అలవాటు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలీ మానస్ 14416.*